గనిలో గ్యాస్ పండగ

రేవతి కార్తె, మొదట్లో

బండిలో పోసిన గ్యాస్ మా ఆయుష్షు కంటే ఎక్కువ కాలం ఉంటుందని మాకు మాట ఇచ్చారు. ఇళ్లలోని ఏసీలన్నీ పీకేయించి, పగటి ఎండకు తలదాచుకోమని మమ్మల్ని ఈ గనిలోని పాత కార్లలోకి తోలిన ఏడాది అది. శీతల శాఖ అధికారి ఒకడు ఈ గనిలోనే నాపరాయి దిమ్మె మీద నిలబడి మైకులో చెప్పాడు. గొట్టాలకు ఎక్కడా మూతి ఉండదట. అతుకులన్నీ కరిగించి మూసేస్తారట. ఒక్కసారి గ్యాస్ పోస్తే మా మనవళ్లు కూడా ఆ చల్లదనంలోనే కూర్చుంటారట.

మూడో వేసవికి ఆ శాఖ మనుషులొచ్చి ప్రతి బండి గొట్టానికీ ఒక మూతి అతికించి పోయారు. తనిఖీ కోసం అన్నారు. మరుసటి వేసవికి ఆ మూతి తెరిచి, ఉన్న గ్యాస్ వదిలేసి, కొత్తది కొట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడది పండగ. బానెట్ ఎత్తి కంప్రెసర్‌కు పసుపు రాస్తారు, కుంకుమ పెడతారు, కొబ్బరికాయ కొడతారు. పాత గ్యాస్ అలిసిపోతుందని చంటిపిల్లలు కూడా చెబుతారు.

జూనియర్ కాలేజీలో నా ఉద్యోగమంతా ఫిజిక్స్ చెప్పడంతోనే గడిచింది. గ్యాస్ అలిసిపోదు. అది నూతిలో చేద లాంటిది. బండి లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. నీళ్లు తోడితే చేద తరిగిపోతుందా? గొట్టానికి చిల్లు పడితే తప్ప గ్యాస్ ఎక్కడికీ పోదు. ఈ మాట నమ్మి నేను నాలుగేళ్లుగా మా బండి మూతి తెరవనివ్వలేదు. చల్లదనం రవ్వంత తగ్గలేదు.

అందుకు శిక్ష ఉంది. గ్యాస్ కొట్టించినట్టు అద్దం మీద ఆ ఏటి స్టిక్కర్ లేని బండిని ఏడాదికొక వరస చొప్పున తూర్పుకు జరుపుతారు. మా బండ్లకు చక్రాలు ఎప్పుడో ఊడదీశారు, అన్నీ రాళ్ల మీద కూర్చున్నాయి. జరపాలంటే పదిమంది గడ్డపారలు వేసి దొర్లించాలి. అంత కష్టమూ పడి మమ్మల్ని ఈసారి ఆఖరి వరసకు చేర్చారు. మధ్యాహ్నం తిరిగితే గని గోడ నీడ మమ్మల్ని వదిలేస్తుంది, ఎండ నేరుగా బానెట్ మీద పడుతుంది. ఇక దీని తర్వాత వరస లేదు. వచ్చే ఏడు గని బయటే.

బయట అంటే చావు. నాకు కాదేమో గాని మా అక్క సౌభాగ్యానికి. కిందటేడు వడదెబ్బ తగిలినప్పటి నుంచి ఆమె ఒంటికి చెమట పట్టదు. ఎండకు బండ్లలోకి పొమ్మనే పొద్దుటి సైరన్ నుంచి బయటికి రమ్మనే సాయంత్రం సైరన్ దాకా ఈ బండి చల్లగా ఉంటేనే ఆమె ఉంటుంది.

పొద్దున్నే లేచి కండెన్సర్ రెక్కల్లో దుమ్మును కుంచెతో దులుపుతాను. ఫిల్టర్ విదిలిస్తాను. అడుగున నీళ్లు కారే గొట్టంలో సాలెగూడు తీస్తాను. పైన గని అంచుకెక్కి మా సోలార్ పలక తుడిచి, కిందికి దిగిన వైరు ఎలుక కొరికిందేమో చూసుకుంటాను. ఏసీ సంరక్షణ అంటే ఇదీ. దీనికి పసుపు అక్కర్లేదు.

రేవతి కార్తె, చివర

గ్యాస్ వ్యాన్ వచ్చింది. ఒక బండికి గ్యాస్ కొట్టించాలంటే ఒక మనిషి ఆ వేసవి స్నానాల నీళ్ల చీట్లన్నీ ఇచ్చుకోవాలి. ఎవరు స్నానం మానాలని ప్రతి ఇంట్లో పెద్ద చర్చ జరుగుతుంది. చివరికి ఆ ఇంటి కోడలో ముసలమ్మో మానుతుంది. మగవాడు మానిన ఇల్లు నేను చూడలేదు. మృగశిర వచ్చేదాకా ఆ ఆడవాళ్లు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని, పోని గ్యాస్‌ను పోయించుకున్న పుణ్యం మూటగట్టుకుంటారు. నేను పాత శాసనాలు చదివాను. పెళ్లికి కూడా సుంకం వసూలు చేసిన రాజులున్నారు. కానీ ఆ సుంకానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టమని ఏ రాజూ అడగలేదు.

గ్యాస్ కొట్టే రూతమ్మ కొంగు దోపుకుని, బుడ్డి భుజాన వేసుకుని వరసలన్నీ తిరిగి మా దగ్గరికొచ్చింది. మా బండికి ఏం తక్కువైందో చూపించి అప్పుడు కొట్టమన్నాను.

"తక్కువైందో ఎక్కువైందో నాకెందుకు మాస్టారూ. పాతది తియ్యాల, కొత్తది పొయ్యాల. మీకాడికొస్తే పాఠం, పక్క బండికాడికెళ్తే కొబ్బరిముక్క. ఎటు పోవాల్నో మీరే చెప్పండి" అని పక్క బండికే పోయింది.

సైరన్‌కు ముందు టీ తాగడానికి పాండురంగారావు బండికి వెళ్లాను. మేమిద్దరం ఒకే కాలేజీ, ఒకే స్టాఫ్ రూమ్. ఆయన కెమిస్ట్రీ. ఆయన బండి పడమటి గోడ కింద మొదటి వరసలో ఉంటుంది, ఎండ ముఖం ఎరగదు. ఆయన అద్దం మీద కొత్త స్టిక్కర్ తడి ఆరలేదు. నీకు తెలిసి కూడా ఎందుకు కొట్టించావని అడిగితే నవ్వాడు. చేద అరగదని తనకూ తెలుసట. చెబితే ఒరిగేదేముంది, మొదటి వరస పోతుంది, మా ఆవిడ నన్ను చంపుతుంది అన్నాడు. టీ మాత్రం బాగుంది.

అశ్విని కార్తె

ప్రతి ఏడాదీ గ్యాస్ నిజంగానే తగ్గుతోందని జనం అంటారు. ఆ మాట అబద్ధం కాదు. ఆషాఢం నాటికి అందరి బండ్లూ నీరసిస్తాయి, నా బండి తప్ప. ఎందుకో ఆలోచించగా తేలిందిది. ఏటా మూతి తెరిచి మూయడం వల్ల లోపలి రబ్బరు వాషరు అరుగుతోంది. అక్కణ్నుంచే గ్యాస్ పోతోంది. అంటే పోయిందని కొట్టడం కాదు, కొట్టినందుకే పోతోంది. చిల్లు పొడిచేవాడే అతుకు అమ్ముతున్నాడు.

దీన్ని కళ్లకు కట్టించాలనుకున్నాను. బండ్ల సంఘం ప్రెసిడెంట్ బసివయ్యను అడిగాను. ఆయన ఒకప్పుడు ఈ గనిలోనే రాళ్లు కోయించిన కాంట్రాక్టరు. నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసే అవకాశమని కాబోలు, వెంటనే ఒప్పుకున్నాడు.

ఆదివారం సాయంత్రం సైరన్ అయ్యాక ఊరంతా బండ్ల మధ్య చేరింది. నేను బక్కెట్లో కుంకుడుకాయలు నానబెట్టి చిక్కటి నురుగు తీశాను. వరసగా ఒక్కో బానెట్ ఎత్తించి గ్యాస్ మూతి మీద ఆ నురుగు పెట్టుకుంటూ పోయాను.

"మాస్టారు బండ్లకి తలంటుతున్నాడ్రోయ్" అన్నాడెవడో. నవ్వారు. నవ్వనిచ్చాను.

మొదటి బండి మూతి మీద నురుగులోంచి గోళీకాయంత బుడగ లేచింది. పగిలింది. మళ్లీ లేచింది. రెండో బండికీ అంతే. బసివయ్య బండికైతే నిమ్మకాయంత లేచింది. నవ్వులు ఆగిపోయాయి. ఆఖరున నా బండి బానెట్ ఎత్తి నురుగు పెట్టాను. గిన్నెలో తోడుకున్న పెరుగులా కదలకుండా కూర్చుంది. ఒక్క బుడగ లేదు. ఇక చెప్పాల్సిందేమీ లేదనుకున్నాను. నా జీవితంలో అంత బాగా కుదిరిన పాఠం మరొకటి లేదు.

బసివయ్య తన బండి దగ్గరికి వెళ్లి ఒంగి ఆ బుడగను చాలాసేపు చూశాడు. దాని మీద అరచెయ్యి ఆడించి చూశాడు. తర్వాత, నిద్రపోతున్న పిల్లాడి దగ్గర మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

"ఊపిరి తీసుకుంటంది."

 ఆయన నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో ఎగతాళి లేదు, జాలి ఉంది. "మాస్టారూ, మీ దాంట్లో బుడగ లేదు. నాలుగేళ్ల గ్యాస్. పాపం, అది ఎప్పుడో పోయినట్టుంది."

నేను పడీ పడీ నవ్వాను. నాతోపాటు ఎవరూ నవ్వడం లేదని కాస్త ఆలస్యంగా తెలిసింది. కేకలేశాను. చేద గురించి చెప్పాను, వాషరు గురించి చెప్పాను. అప్పుడొకామె, ఇద్దరూ కాలేజీలో చెప్పినోళ్లే గదా, రంగారావు మాస్టారిని అడుగుదాం, ఆయన ఏది అంటే అది అంది. అందరూ సరేనన్నారు. బసివయ్య కూడా సరేనన్నాడు. నేనైతే బతికిపోయాననుకున్నాను.

పాండురంగారావు లేచాడు. కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"మన శరభయ్య మాస్టారు చెప్పేదాంట్లోనూ విషయముంది. బసివయ్య గారు అన్న కోణమూ కొట్టిపారేసేది కాదు. ఇట్లాంటివి తొందరపడి తేల్చకూడదు."

చప్పట్లు కొట్టారు.

భరణి కార్తె

ఇప్పుడు నా కుంకుడు నురుగు కూడా పండగలో చేరింది. తెల్లవారగానే ప్రతి బండికీ నురుగు పెట్టి బుడగ చూసుకుంటున్నారు. పెద్ద బుడగ లేస్తే ఆ రోజు కలిసొస్తుందట. నిన్న మూడో వరసలో పెళ్లిచూపులు జరిగాయి. పిల్లవాడి తరఫువాళ్లు పిల్లకంటే ముందు బానెట్ ఎత్తించి చూశారట. దోపిడీని పట్టించడానికి నేను చేసిన పరీక్షకు వీళ్లు హారతి పడుతున్నారు. చిల్లుకు మొక్కే జాతి మరొకటి ఉంటుందా అని నేను చదివిన చరిత్రంతా వెదికాను. దొరకలేదు.

అక్క బండిలో కూర్చుని మోదుగాకులతో విస్తళ్లు కుడుతుంది. ఆ విస్తళ్లకే మాకు బియ్యం వస్తాయి. ఈ వారం ఎవరూ తీసుకోలేదు. చచ్చిన గ్యాస్ బండిలో కుట్టిన విస్తరిలో శుభకార్యం భోజనం పెట్టరట. పక్క బండ్ల ఆడవాళ్లు సాయంత్రం ఆమెతో కూర్చోవడం మానేశారు. మధ్యాహ్నం కుడుతున్న ఆకు ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"చిన్నోడా, నిజం చెప్పు. మన గ్యాస్ పోయిందా?"

"పోతే నీకు ఇంత చల్లగా ఎట్టా ఉందక్కా?"

"చల్లగానే ఉంది. చచ్చినోళ్ల కాళ్లు కూడా చల్లగానే ఉంటయ్."

దీనికి జవాబు ఏ ఫిజిక్స్ పుస్తకంలోనూ లేదు. అయినా అరగంట చెప్పాను. ఆమె విన్నది. ఆమె ఎప్పుడూ వింటుంది. చివరికి, "నీకు చదువెక్కువ, నాకు భయమెక్కువ. నువ్వు చెప్పింది నిజమే అయితే ఆ రంగారావు మాస్టారు ఆ మాట ఎందుకనలేదు?" అంది.

కృత్తిక కార్తె

సోలార్ పలక తుడవడానికి అంచు మీదికెక్కి దిగేసరికి మా అద్దం మీద కొత్త స్టిక్కర్ ఉంది. బానెట్ మీద పసుపు. నేల మీద కొబ్బరి పెంకులు. రూతమ్మ అప్పటికే బుడ్డి సర్దుకుంటోంది. అక్క తన వేసవి స్నానాలన్నీ ఇచ్చేసింది. నేను నోరు తెరిచేలోపే నురుగు గిన్నె తెచ్చి తనే మూతి మీద పెట్టింది.

బుడగ లేచింది.

"చూడు, ఊపిరొచ్చింది" అని అక్క చేతులు జోడించింది. ఆమె కళ్లలో నీళ్లు. అవి సంతోషంవి.

నాలుగేళ్లు ముట్టుకోని మూతి అది. లోపల ఎండిపోయి ఉన్న వాషరు తెరవగానే పగిలింది. వాషరు మార్చమని రూతమ్మను అడిగాను, బతిమాలాను కూడా. అట్టాంటియ్యి మాకియ్యరు మాస్టారూ, మాకిచ్చేది బుడ్డి, స్టిక్కరూ అంది. సున్నం, బెల్లం కలిపి పూశాను. మైనం కరిగించి పోశాను. పాత చెప్పు కోసి ముక్క దూర్చాను. బుడగ చిన్నదైంది గాని ఆగలేదు. పాండురంగారావు దగ్గర పాత ల్యాబు రబ్బరు బిరడాలున్నాయని గుర్తొచ్చి వెళితే ఒకటి ఇచ్చాడు. ఇచ్చినట్టు ఎవరితోనూ అనవద్దన్నాడు. అది పట్టలేదు.

సంఘంవాళ్లు గడ్డపారలు తెచ్చి మమ్మల్ని రెండు వరసలు పడమటికి జరిపారు. బసివయ్య స్వయంగా వచ్చి అక్కకు కొబ్బరిముక్క ఇచ్చాడు. విస్తళ్లు మళ్లీ పోతున్నాయి. గనిలో సంతోషం లేనిది నాకొక్కడికే. రోజూ తెల్లవారి నా చెయ్యి గాలి రంధ్రం ముందు పెట్టి చూసుకుంటున్నాను. నిన్నటి కంటే ఇవాళ తక్కువ. అక్కతో అంటే, నీది దిష్టి అంటోంది.

రోహిణి కార్తె

ఇది వరసగా రాయలేను. రాయగలిగినంత రాస్తాను.

సైరన్ మోగి తలుపులు వేసుకున్నాక గాలి మామూలుగానే వచ్చింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి తడిగాలి అయింది. ఆ తర్వాత వట్టి ఫ్యాన్ గాలి. అక్క ఆకు కుడుతూ కుడుతూ ఆపింది. చలేస్తోందంది. ఎప్పుడో పోయిన అమ్మ వచ్చిందంది, నన్ను జరిగి కూర్చోమంది. ఒళ్లు ముట్టుకుంటే పెనంలా ఉంది, చెమట చుక్క లేదు.

ఆ వేళలో తలుపు తెరవరాదని ఈ గనిలో అందరికీ కట్టుబాటు. తెరిస్తే లోపలి చల్లదనం పోతుంది, మళ్లీ చల్లబడేసరికి లోపలున్న పసివాళ్లకు ప్రమాదం. ఆ కట్టుబాటు తప్పు అని నేనూ అనను. నేను దిగి పక్క బండి అద్దం బాదాను. లోపల ముఖాలు నన్ను చూశాయి. ఒకాయన కుదరదన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాతి బండిలో ఆమె పిల్లల కళ్లు మూసింది. వరస తర్వాత వరస బాదుకుంటూ మొదటి వరస దాకా పోయాను. పాండురంగారావు బండికి తెరలు దించి ఉన్నాయి. ఎక్కువసేపు బాదింది ఆ బండినే.

తలుపు తీసింది బసివయ్య.

నడుం నొప్పి మనిషి, నాతో కలిసి ఎండలో ఆ చివరికి పరుగెత్తాడు. ఇద్దరం మోసుకొచ్చి అక్కను ఆయన బండి వెనక సీట్లో, ఆయన కోడలి ఒళ్లో పడుకోబెట్టాం. ఆ కోడలు ఈ వేసవి స్నానాలు వదులుకున్న పిల్ల. తాగడానికున్న నీళ్లు తీసి అక్క ఒంటి మీద పోసింది. నాకు లోపల చోటు లేదు. నేను ఆయన బండి కింద దూరి, ఏసీ గొట్టం నుంచి కారే చుక్కల కింద తల పెట్టుకుని సాయంత్రం సైరన్ దాకా పడుకున్నాను. ఆ మూతి నుంచి గ్యాస్ సన్నగా బుసకొడుతూ పోవడం నాకు పైనుంచి వినబడుతూనే ఉంది.

సాయంత్రం రూతమ్మ వచ్చి మా బండికి మళ్లీ గ్యాస్ కొట్టింది. ఈసారి నా స్నానాలు పోయాయి. అక్కను అందులోకి మార్చాం. చల్లటి గాలి ముఖానికి తగిలాక కాసేపటికి కళ్లు తెరిచింది. చుట్టూ ఉన్న జనం దణ్ణాలు పెట్టారు. అక్కకు కాదు, బానెట్‌కు.

మృగశిర కార్తె

అక్క బతికింది. మాట ముద్దగా వస్తోంది. చేతులు వణుకుతున్నాయి. పుల్ల ఆకును అందుకోదు, ఆకు ఆకును అందుకోదు. ఇవాళ పొద్దున్నుంచి ఒక్క విస్తరి మొదలుపెట్టి అది కూడా పూర్తి చేయలేకపోయింది. చూడటానికి వచ్చినవాళ్లకు మాత్రం ముద్దమాటలతోనే చెబుతోంది, గ్యాస్ కొట్టినాకే నాకు కళ్లు తెరుచుకున్నయ్ అని. ఆమెతో వాదించే ధైర్యం నాకు లేదు.

ఆమె మాటను సంఘం తీర్మానంలో రాసుకుంది. వచ్చే ఏటి నుంచి గ్యాస్ రెండుసార్లు కొట్టించాలి, రేవతిలో ఒకసారి, రోహిణిలో ఒకసారి. సౌభాగ్యమ్మ గారిని బతికించింది రెండో గ్యాసేనట. అంటే ఇక ఇంటికి ఇద్దరు స్నానాలు మానాలి. తీర్మానం మీద రేపు సభ.

పొద్దుటి సైరన్‌కు కాస్త ముందు పాండురంగారావు బండికి వెళ్లాను. లోపల అప్పటికే ఏసీ వేసుకున్నారు. నేను ఎక్కలేదు, తలుపు తెరిచి పట్టుకుని బయటే నిలబడ్డాను. ఆయన అక్క ఆరోగ్యం అడిగాడు. చెప్పాను. ఆయన గొంతు తగ్గించి అన్నాడు.

"నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం శరభా. ఆ బుడగ చూసిన క్షణానే నాకు తెలుసు."

"అయితే రేపు సభలో ఆ మాట అను."

"నేనంటే మాత్రం వింటారా?"

"వింటారు. ఆ రోజు వాళ్లు అడిగింది నిన్ను. నన్ను కాదు."

ఆయన భార్య ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. 

"తలుపు వెయ్యి శరభా. చల్లదనం పోతోంది."

వేశాను.

దిమ్మె మీద నిలబడి మాట ఇచ్చిన ఆ అధికారి పేరు నాకు గుర్తు లేదు, గుర్తుంచుకునేంతటి వాడు కాదు. వాడికి జీతం ముట్టింది, అబద్ధం చెప్పాడు. రూతమ్మ కడుపు కోసం బుడ్డి మోస్తోంది. బసివయ్యకు బుడగ ఊపిరిలా కనిపించింది, కనిపించిందే అన్నాడు. ఆయన మీద నా కోపం ఆ మధ్యాహ్నంతో చెల్లిపోయింది. మా అక్క భయపడింది. భయపడినవాళ్లు అడుగుతారు. ఈ గని మొత్తం ఒక సాయంత్రం నోరు మూసుకుని, తెలియదని ఒప్పుకుని, తెలిసినవాడెవడని వెదికి, ఒకణ్ణి చూపించి అడిగింది. జనం అట్లా అడగడం నా జన్మలో ఒక్కసారే చూశాను. ఆ ఒక్కసారీ జవాబు నోట్లో పెట్టుకుని మింగేసినవాడు గుడిమెట్ల పాండురంగారావు.